అరికాలి నలుపు

మొగులయ్య ఎడమ కాలు ఉంటుందా పోతుందా అన్నది శనివారం మధ్యాహ్నానికల్లా తేలిపోవాలి. తేల్చాల్సింది మృదుల చేతిలోని యంత్రం. అందుకే ఆ పిల్లకు పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు.

మొగులయ్య ఆమెకు చుట్టమేం కాడు. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఒక పాత మేడ ఉంది. కింద కెమెరాలు బాగుచేసే దుకాణాలు, నాలుగో అంతస్తులో మృదుల పనిచేసే చిన్న కంపెనీ. ఆ మేడకు ఒక లిఫ్టు, ఆ లిఫ్టుకు ఒక మొగులయ్య. జాలీ తలుపును చేత్తో లాగి మూస్తే తప్ప కదలని ఆ డబ్బాలో నాలుగేళ్లుగా ఆమెను ఎక్కించి దింపుతున్నాడు. ఆమె ఏదైనా పెట్టె మోసుకొస్తే, "ఏందమ్మా గింత బరువు, ఫిరంగి గిట్ల తెచ్చినవా?" అని నవ్వేవాడు. ఆమె కూడా "ఔ కాకా, నిన్ను పేల్చెటందుకే" అనేది.

రెండు నెలల కింద ఆయన కుంటుతూ కనిపించాడు. ఏమైందని అడిగితే చెప్పులోంచి వేళ్లు చూపించాడు. చిటికెనవేలు కమిలిపోయి ఉంది. "షుగర్ ఉన్నది గదమ్మా, కాలు మొద్దువారింది. నొప్పేం తెలుస్తలేదు" అన్నాడు, అదేదో అదృష్టమైనట్టు. మృదులే కసిరి, వెంటబడి నాంపల్లి దవాఖానకు పంపింది. తమ యంత్రాన్ని అక్కడే రోగుల మీద పరీక్షిస్తున్నారు కాబట్టి ఆయన పేరు కూడా తనే రాయించింది. ఇప్పుడు ఏం జరిగినా అందులో తన చెయ్యి ఉన్నట్టే.

ఆ యంత్రం సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆమె భయం మీకు అందదు. కడుపులో బిడ్డను చూడ్డానికి ఒంటి మీద ఆనించి తిప్పుతారే, అలాంటి చేతిపలకే ఇది. దానికి అటొకటి ఇటొకటి, వెంట్రుకలంత సన్నటి గాజు తీగల కట్టలు ఉంటాయి. ఆ తీగల్లోంచి కంటికి కనబడని లేజరు వెలుగు సెకనుకు పదిసార్లు ఒంట్లోకి కొడుతుంది. వెలుగు తగిలిన రక్తం రవ్వంత వేడెక్కి, రవ్వంత ఉబ్బి, మన చెవికి అందని చప్పుడు చేస్తుంది. పలక ఆ చప్పుడు విని తెర మీద బొమ్మ గీస్తుంది. రక్తం పారే చోట ఎర్ర గీత, పారని చోట నలుపు.

చిక్కంతా వెలుగుతోనే. చప్పుడు ఒంట్లో ఎక్కడికైనా పోయొస్తుంది గానీ వెలుగుకు అంత ఓపిక లేదు, చర్మం దాటేసరికే సగం ఆరిపోతుంది. అందులోనూ అరికాలి చర్మం మరీ మొండిది. పాదంలోని ముఖ్యమైన రక్తనాళాలు ఆ వైపే ఉంటాయి కనుక అక్కడ చూడక తప్పదు. గాజు తీగలను ఎంత వాలుగా పెట్టాలి, పలకకు ఎంత దగ్గరగా జరపాలి, చర్మం మీద పడి చెదిరిపోయే వెలుగును మళ్లీ లోపలికి ఎలా మళ్లించాలి అని మృదుల రెండేళ్లు తిండీ నిద్రా లేకుండా కొట్టుకుంది. చివరికి సాధించింది. గాజు తీగల కట్టల కొసలకు ఆమె చేసిన కొత్త వెలుగు తలలు బిగించాక బొమ్మ ముందుకంటే రెట్టింపు లోతుకు కనబడింది. కంపెనీ నడిపే కరుణాకర్ ఆఫీసంతటికీ డబల్ కా మీఠా పంచాడు. మృదుల కూడా ఆ వారం నేల మీద నడవలేదు.

పరీక్షలు మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే, శనివారం నాడు వచ్చిన మొగులయ్య పన్నెండో రోగి. ఆయన మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయి, రంగుమందు ఎక్కించి రక్తనాళాలు చూసే పరీక్ష ఆయనకు కుదరదు. మామూలు స్కానింగ్‌లో ఏదీ స్పష్టంగా తేలలేదు. మిగిలింది ఈ ఒక్క యంత్రమే. సర్జన్ డాక్టర్ శ్యామ్‌సుందర్ ముందే చెప్పేశాడు: "మీ బొమ్మల రక్తం కనిపిస్తే వేళ్ల వరకే తీసేస్తం. కనిపించకపోతే మోకాలి కింద కొట్టేసుడే."

రెండో అంతస్తులో కిటికీలకు నల్లగుడ్డ కట్టిన చిన్న గది. అక్కడ పద్ధతి ఒకటుంది. ముందు తలుపు గొళ్లెం పెట్టాలి, తర్వాత అందరూ లేజరు కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఆ తర్వాతే రోగి కాలి మీది గుడ్డ తీయాలి. పద్ధతి మృదుల రాసిందే. ఆ అద్దాల్లోంచి చూస్తే గోడా మంచం మనిషీ అన్నీ ఒకే ఆకుపచ్చ. అయినా ఎవరు చూడొచ్చారు? అందరి కళ్లూ తెర మీదే ఉంటాయి.

ఆమె అరికాలికి జెల్లు పూసి పలక ఆనించింది. పక్కనున్న లేజరు పెట్టె టక్ టక్ మని కొట్టుకోసాగింది. తెర మీద పైన చర్మం తాలూకు తెల్లటి గీత వచ్చింది, కళ్లు చెదిరేంత తెల్లగా. అలా వచ్చినప్పుడు మీట తిప్పి ఆ తెలుపును తగ్గించి కింద చూడటం ఆమెకు అలవాటు, తగ్గించేసింది. గీత కింద నలుపు. మడమ నుంచి వేళ్ల దాకా జరిపింది. నలుపే. మళ్లీ వెనక్కి జరిపింది. ఇరవై నిమిషాలు అలా అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. అమ్మవారికి మొక్కింది, కొమురెల్లి మల్లన్నకు మొక్కింది, తెరకు మాత్రం జాలి కలగలేదు.

"చాలు" అన్నాడు శ్యామ్‌సుందర్. "సోమవారం తొమ్మిదింటికి తీసేద్దాం."

మంచం మీద అద్దాలు పెట్టుకుని పడుకున్న మొగులయ్య తలెత్తాడు. "ఏమైందమ్మా? రక్తం కనవడ్డదా?"

మృదుల తల వంచుకుని పలక మీది జెల్లు తుడవసాగింది.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ దవాఖానకు వెళ్లింది. వెళ్లకుండా ఉందామని చాలా ప్రయత్నించింది గానీ ఆబిడ్స్‌లో లిఫ్టు ముందు ఖాళీ స్టూలు చూసి ఉండలేకపోయింది. వార్డులో మొగులయ్య నిద్రపోతున్నాడు. ఆయన భార్య శంకరమ్మ కాళ్ల దగ్గర కూర్చుని తడిగుడ్డతో, పొద్దున పూసిన జెల్లు తుడుస్తోంది.

"రా బిడ్డా" అంది శంకరమ్మ. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. "నీ మిషిన్ల రక్తం లేదన్నదట గద. నిజమేనా? నువ్వు చదువుకున్నదానివి, జర నిజం చెప్పు."

మృదుల ఏదో చెప్పబోయింది. అంతలో కిటికీలోంచి పడే ఎండలో ఆయన అరికాలు కనబడింది. కళ్లద్దాలు లేకుండా దాన్ని చూడటం అదే మొదలు. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా తారు పూసినట్టు నల్లగా ఉంది. అంతా కుళ్లిపోయిందా?

"చిన్నమ్మా, గిది ఎప్పుడు గిట్ల నల్లగైంది?"

"గదా?" అని శంకరమ్మ గుడ్డతో ఇంకోసారి రుద్దింది. "గది తుడిస్తె పోదు బిడ్డా, జీడి. నల్లజీడి. చాకలోళ్లు బట్టలకు గుర్తు పెడ్తరు సూడు, ఎన్నిసార్లు ఉతికినా పోదు, గదే. ఈయనకు కాళ్ల పగుళ్లు ఎక్కువ. గింజను సూదికి గుచ్చి దీపం మీద కాలిస్తె సమురు కారుతది. గది పగుళ్లల్ల పెడితె మూసుకుంటయి. మా దిక్కు అందరం గట్లనే చేస్తం. యాడాది సంది నేనే పెడ్తున్న."

"డాక్టర్‌కు చెప్పినవా?"

"ఆయన అడగలె. నల్లగున్నది సూసి 'ఇది మొత్తం ఖరాబైంది' అన్నడు. నాకేమెరుక, లోపటి సంగతి అంటున్నడేమో అనుకున్న."

మృదుల మంచం పట్టీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తెర మీది నలుపు రెండు రకాలుగా రావచ్చు. రక్తం లేకపోతే వస్తుంది, వెలుగు లోపలికి పోకపోయినా వస్తుంది. ఈ జీడి నలుపు వెలుగునంతా చర్మం మీదే మింగేసి ఉంటే? పొద్దున అంత తెల్లగా వచ్చిన గీత అదేనా? దాన్ని తనే కదా చేత్తో తగ్గించేసింది!

ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. మింగిన వెలుగు ఊరికే పోదు, వేడిగా మారుతుంది. ఇరవై నిమిషాలు ఆ నలుపు మీద లేజరు కొట్టింది. కాలుతోందని చెప్పడానికి ఆ కాలికి స్పర్శ లేదు. మృదుల గబుక్కున వంగి, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అంగుళం అంగుళం తడిమి చూసింది. పొక్కు ఏమీ లేదు. పలకను ఒకచోట ఆపకుండా జరపడం వల్ల బతికిపోయాడు. షుగరు కాలి మీద చిన్న కాలిన పుండు చాలు, కాలు పోవడానికి వేరే కారణం అక్కర్లేదు.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా?" అంది శంకరమ్మ, బెదురుతూ.

"ఏం లేదు చిన్నమ్మా" అంది మృదుల. ఆశ పెట్టి మళ్లీ లాక్కోవడం కంటే పెద్ద పాపం లేదని, అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

బయట మెట్ల మీద నిలబడి కరుణాకర్‌కు ఫోన్ చేసింది. ఆయన మొత్తం విన్నాడు. చెడ్డవాడు కాదు. అందుకే ఆయన మాటలు ఇంకా భయపెట్టాయి.

"మృదులా, ఆపరేషన్ ఆపమంటవు, సరే. ఆ కాలుల నిజంగనే రక్తం లేకపోతే? రెండు దినాలు ఆలస్యమైతే విషం పైకెక్కుతది. అప్పుడు కాలు కాదు, మనిషే పోతడు. జీడి వల్లనే బొమ్మ రాలేదని నీ దగ్గర రుజువున్నదా?"

"లేదు సర్."

"మరి లేనిదాన్ని పట్టుకొని సర్జన్ దగ్గరికి పోతవా?"

పోదామంటే భయం, పోకుండా ఉందామంటే ఇంకా భయం. అటు చూస్తే మనిషి ప్రాణం, ఇటు చూస్తే అనవసరంగా నరికే కాలు. మృదుల ఆటో ఎక్కి అఫ్జల్‌గంజ్ పొమ్మంది. అక్కడ వేర్లు, మూలికలు అమ్మే దుకాణంలో నల్లజీడి గింజలు అడిగింది. దుకాణాయన కాగితంలో పొట్లం కడుతూ, "ఒంటికి తగలనియ్యకు బేటీ, పొక్కులు లేస్తయి" అన్నాడు. తగిలించడానికే కొంటున్నానని ఆమె చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ మేడకు వచ్చింది. లిఫ్టు నడిపేవాడు లేడు, మెట్లెక్కి పోయింది. పరీక్షల గదిలో కూర్చుని, శంకరమ్మ చెప్పినట్టే గింజను సూదికి గుచ్చి, కొవ్వొత్తి మీద కాల్చింది. నల్లటి చమురు బొట్టుబొట్టుగా కారింది. దాన్ని తన ఎడమ అరికాలి మీద రూపాయి బిళ్లంత మేర పూసుకుంది. మొదట గోధుమ రంగులో ఉన్నది మధ్యాహ్నానికి కాటుకలా నల్లబడింది. చుట్టూ చర్మం చురచురలాడుతోంది.

రెండింటికి తలుపు గొళ్లెం పెట్టి, అద్దాలు పెట్టుకుని, యంత్రం వేసింది. ఒంటరిగా లేజరు వెయ్యకూడదని గోడ మీద కాగితం ఉంది, అదీ ఆమె రాసిందే. ముందు కుడి అరికాలికి ఆనించింది. కొమ్మలు కొమ్మలుగా ఎర్రటి గీతలు వచ్చాయి. ఇరవై తొమ్మిదేళ్ల ఆడపిల్ల కాలు, రక్తం పుష్కలంగా ఉంది. తర్వాత ఎడమ కాలికి, సరిగ్గా జీడి మచ్చ మీద ఆనించింది.

పైన తెల్లటి గీత. కింద నలుపు.

తన కాలే అది. వేళ్లు కదిలిస్తే కదులుతున్నాయి, గిల్లితే నొప్పి తెలుస్తోంది, తెర మీద మాత్రం ఆ కాలు చచ్చిపోయి ఉంది. అంతలోనే మచ్చ ఉన్న చోట సూదితో పొడిచినట్టయింది. పెట్టె టక్కుమన్నప్పుడల్లా ఒక పోటు. ఎనిమిది తొమ్మిది సెకన్లు భరించి చటుక్కున కాలు లాగేసుకుంది. నిన్న మొగులయ్య కాలు లాక్కోలేదు. ఆయనకు తెలిస్తే కదా లాక్కునేది! అద్దాలు తీసేసి, నేల మీద కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. రెండేళ్లు కష్టపడి వెలుగుకు వాడి పెట్టింది తనే. ఆ వాడిని పొరపాటున ఎక్కడ దింపిందో ఇప్పుడు తెలిసింది.

ఏడుపు అయిపోయాక బుర్ర కాస్త పనిచేసింది. ఇంకా గట్టిగా కొడితే వెలుగు నలుపును దాటుతుంది, కానీ కాలు కాలుతుంది. అది కుదరదు. జీడి ఆపుతున్నది వెలుగును. చప్పుడుకు రంగుతో పనిలేదు, నలుపులోంచి కూడా బయటికి వస్తుంది. మరి వెలుగు కూడా అరికాలి వైపు నుంచే పోవాలని ఎవరన్నారు? పలకకు వెలుగు తలలను అంటగట్టింది తను. విప్పగలిగేదీ తనే. పాదం పైవైపు చర్మం పల్చన, అక్కడ ఎవరూ జీడి పెట్టరు. వెలుగు పైనుంచి వెయ్యాలి, చప్పుడు కింద వినాలి.

నాలుగు మరలు విప్పి రెండు వెలుగు తలలనూ ఊడదీసింది. తనకు ఇంత పేరు తెచ్చిన ఆ బిగింపును విప్పుతుంటే చెయ్యి కాస్త ఆగింది, అబద్ధం ఎందుకు. పాదం పైన మందపాటి జెల్లు దిండు వేసి, వెలుగు ఒకచోట గుచ్చుకోకుండా అరచేయంత మేర పరుచుకునేలా చేసింది. కొలత పెట్టి చూస్తే ఒక్కొక్క చోట పడే వెలుగు నిన్నటి దానిలో మూడో వంతు కూడా లేదు. పైనుంచి వెలుగు వేసి, మచ్చ మీద పలక ఆనించింది. తెర మీద మొదట ఏమీ లేదు. పది సెకన్లు, పదిహేను. ఒక్కో టక్కుకూ వచ్చిన కొంచెం కొంచెం చప్పుడును యంత్రం పోగేసుకుంటోంది. మెల్లగా, నలుపు మధ్యలో, సన్నటి ఎర్ర దారం తేలింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తన కాలు బతికే ఉందని రుజువైంది. మొగులయ్య కాలు సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

సోమవారం ఏడున్నరకు డాక్టర్ శ్యామ్‌సుందర్ గది ముందు నిలబడింది. ఆయన వస్తూనే, "ఏమ్మా, పొద్దుగాలనే ఇక్కడ నీకేం పని?" అన్నాడు. మృదుల చెప్పు విప్పి, కాలు కుర్చీ మీద పెట్టి చూపించింది. మచ్చ చుట్టూ ఎర్రగా వాచి నీటి పొక్కులు లేచాయి.

"మతి ఉందా నీకు?" అని అరిచాడాయన. తర్వాత ఆమె ఫోన్‌లోని మూడు బొమ్మలు చూశాడు. ఆమె చెప్పింది విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు, అది ఆయన స్వభావం కానే కాదు.

"జీడి" అన్నాడు చివరికి. "నేను చచ్చిన చర్మం అనుకున్న."

పరీక్ష పద్ధతి మార్చాలంటే దవాఖాన కమిటీ ఒప్పుకోవాలి. ఆయన ఫోన్ మీద ఫోన్ చేసి, తిట్టి, బతిమాలి, ఎనిమిదీ పదికి అనుమతి రాయించుకున్నాడు. తొమ్మిదింటి ఆపరేషన్‌ను పదింటికి జరిపాడు. "అంతకన్న ఆగలేను" అన్నాడు. "జ్వరం మొదలైంది."

నల్లగుడ్డ కట్టిన గదిలోకి మొగులయ్యను తెచ్చారు. ఆయనకు అప్పటికే ఆపరేషన్ అంగీ తొడిగేశారు, పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదు. శంకరమ్మను గోడ పక్కన కూర్చోబెట్టి ఆమెకూ అద్దాలు ఇచ్చారు. "మల్ల ఎందుకమ్మా?" అన్నాడు మొగులయ్య. "ఒకపారి సూస్తిరి గద. ఇగ తీసెయ్యరాదు, నాకు గీ భయం కన్న గదే నయం."

"ఒక్కసారి కాకా" అంది మృదుల. "కదలకు."

డాక్టరే పలక పట్టుకుని అరికాలికి ఆనించాడు. మృదుల పాదం మీద జెల్లు దిండు వేసి, రెండు వెలుగు తలలను పట్టుకుంది. వెలుగు కదలకుండా మోచేతులను మంచానికి ఆనించుకుంది. పెట్టె టక్ టక్ మనసాగింది.

నలుపు.

పది సెకన్లు. నలుపు. ఇరవై. మొగులయ్య ఊపిరి బరువుగా వినిపిస్తోంది. గోడ పక్కన శంకరమ్మ గొణుక్కుంటూ దేవుళ్ల పేర్లు చదువుతోంది. ముప్పై సెకన్లు. రక్తం లేదు, అయిపోయింది, ఊరికే గంట ఆలస్యం చేసి ఆయన ఒంట్లో విషం పెంచాను అనుకుంది మృదుల. కళ్లలో నీళ్లు నిండి తెర అలుక్కుపోయింది.

"జరుగకు" అన్నాడు శ్యామ్‌సుందర్, గొంతు తగ్గించి. "చెయ్యి అట్లనే పెట్టు."

ఆమె రెప్పలు కొట్టుకుని చూసింది. తెర మధ్యలో ఎర్రటి గీత. వెంట్రుకంతే ఉంది, కానీ ఉంది. డాక్టరు పలకను వేళ్ల వైపు రవ్వ రవ్వ జరిపాడు. గీత వెంట వచ్చింది, రెండుగా చీలింది, బొటనవేలి మొదలు దాకా, దాని పక్క వేలి దాకా, నడిమి వేలి దాకా వచ్చింది. చివరి రెండు వేళ్ల దగ్గర ఆగిపోయింది. అక్కడ ఎంతసేపు ఉంచినా ఏమీ రాలేదు.

"రెండు వేళ్లు పోతయి" అన్నాడు డాక్టరు, పలక తీసి. "పాదం ఉంటది. కాలు ఉంటది. విన్నవా మొగులయ్యా?"

మొగులయ్య వినలేదో, విన్నది నమ్మలేదో, మృదుల వైపు తల తిప్పాడు. "ఏమన్నడమ్మా?"

"కాలు ఉంటది కాకా. రెండు చిన్న వేళ్లే తీస్తరు."

ఆయన పెదవులు అదిరాయి. పెద్దగా శబ్దం చేసి ఏడ్చాడు, చిన్నపిల్లల్లాగా. శంకరమ్మ అద్దాలతోనే వచ్చి మృదుల కాళ్లు పట్టుకోబోతే, ఆమె వెనక్కి గెంతి, పొక్కుల కాలు మంచం కోడుకు తగిలి "అబ్బా" అంది. ఎవరో నవ్వారు, ఆ గదిలో నవ్వు వినబడటం అదే మొదటిసారి.

మొగులయ్యను థియేటర్‌కు తీసుకుపోయారు. శ్యామ్‌సుందర్ చేతులు కడుక్కోవడానికి పోబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. అద్దాలు తీసి చేతిలో తిప్పుతున్నాడు.

"ఈయనకన్న ముందు పదకొండు మందిని చూసినం గద" అన్నాడు.

"ఔ సర్."

"అద్దాలు లేకుండ ఎవరి అరికాలన్న చూసినవా?"

మృదుల తల అడ్డంగా ఊపింది. ఊపుతుండగానే ఆయన ఎందుకు అడుగుతున్నాడో అర్థమైంది.

"నేను చూసిన" అన్నాడాయన. "ఎవరివి నల్లగున్నయో మాత్రం యాదికి లేదు. రాసుకోలేదు. నలుగురికి రక్తం లేదన్నది నీ యంత్రం. ఇద్దరు వేరే దవాఖానకు పోయిన్రు. ఇద్దరివి నేనే తీసిన." ఇంకేదో అనబోయి, లోపలి నుంచి నర్సు పిలిస్తే వెళ్లిపోయాడు.

ఆ ఇద్దరి కాళ్లను మళ్లీ చూద్దామంటే చూడ్డానికి కాళ్లు లేవు. మృదుల అక్కడే కూర్చుని రోగుల కాగితాలు ముందేసుకుంది. ఫోన్ చెయ్యకుండా ఉండొచ్చు, డాక్టరు చెయ్యమనలేదు, కరుణాకర్ అయితే వద్దనే అంటాడు. రాంచందర్, యాభై రెండేళ్లు, వికారాబాద్ దగ్గర ఊరు, మోకాలి కింద తీసివేత. కింద ఫోన్ నంబరు ఉంది. నొక్కింది.

నాలుగు మోతలకు ఒక ఆడమనిషి ఎత్తింది. నాంపల్లి దవాఖాన నుంచి అనగానే ఆమె గొంతు వెలిగిపోయింది. "రాంచందర్ పెండ్లాన్నే మాట్లాడుతున్న. పెట్టుడు కాలు వచ్చిందామ్మా? కొలతలు తీస్కొని నెల దాటె. పొద్దుగాల లేస్తె గదే అడుగుతడు ఈయన."

"కాలు గురించి కాదమ్మా" అంది మృదుల. "ఒక్క మాట అడగాలె. కాలు తీయకముందు, ఆయన అరికాలికి పగుళ్లకని నల్లజీడి పెట్టేటోళ్లా?"

"ఔ" అంది ఆమె, ఇందులో దాచేదేముందన్నట్టు. "యేండ్ల సంది నేనే పెట్టిన. ఎందుకు బిడ్డా, గిప్పుడు అడుగుతున్నవ్?"

మృదుల గోడకు ఆనుకుంది. ఫోన్‌లో కోడి కూతా, ఎవరో దగ్గడమూ వినిపించాయి. తర్వాత, ఒక్కటీ దాచకుండా, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.